స్నోబ్లోవర్ ఇంపెల్లర్ కిట్ రివ్యూ: ఆన్‌లైన్‌లో కొన్నది చిరిగింది, ఎస్పీ రోడ్డు రబ్బరుతో చేయించింది నిలబడింది

బెంగళూరులో ఉంటూ స్నోబ్లోవర్ గురించి రాయడమేంటి అనుకోకండి. ఇంటి ముందు పడిన మంచు తీసే ఈ మిషన్ అమెరికాలో మినియాపోలిస్ పక్కన ఉండే మా అక్కావాళ్ళది. దాని లోపలి ఫ్యాన్ (ఇంపెల్లర్) రెక్కలకి బిగించిన రబ్బరు, స్టీలు పట్టీలు, బోల్టులు, చివరికి చిల్లులు వేసిన డ్రిల్ బిట్టు కూడా ఇక్కడి ఎస్పీ రోడ్డు బజారులోనూ పీణ్యా పారిశ్రామికవాడలోనూ కొన్నవి, చేయించినవి. ఈ ఊళ్ళో మన తెలుగువాళ్ళలో పిల్లలో అన్నదమ్ములో అమెరికాలో ఉన్నవాళ్ళు చాలామందే, వాళ్ళలో మంచు పడే రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్నవాళ్ళూ తక్కువేం కాదు, కాబట్టి ఈ రివ్యూ ఎవరో ఒకరికి పనికొస్తుందని వివరంగానే రాస్తున్నా. ముందే తేల్చి చెప్పేస్తా: రెండు దశల స్నోబ్లోవర్ ఇంట్లో ఉండి, తడి మంచులో అది మొరాయిస్తుంటే, కొత్త పెద్ద మిషన్ కొనేముందు రెక్కలకి ఇలా రబ్బరు వేయించి చూడండి. ఇంజిన్‌ని ముట్టుకోనక్కర్లేదు, ఖర్చు కొద్దిగా, తేడా మాత్రం మొదటి రోజే కనిపిస్తుంది.

బావగారి మిషన్ 24 అంగుళాల వెడల్పుది, కొని చాలా ఏళ్ళయింది, ఇంజిన్ ఇప్పటికీ బాగుంది. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం అది ఎలా పనిచేస్తుందో రెండు మాటలు. ముందు భాగంలో మరచుట్టల్లాంటి ఆగర్ ఉంటుంది, అది నెమ్మదిగా తిరుగుతూ మంచుని రెండు పక్కల నుంచి మధ్యలోకి లాగుతుంది. ఆ మధ్యలో, వెనకవైపు, ఒక గుండ్రటి డ్రమ్ములో ఇంపెల్లర్ అనే మూడు నాలుగు రెక్కల ఫ్యాన్ ఉంటుంది. అది నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు తిరుగుతూ మంచుని అందుకుని పైన ఉన్న గొట్టంలోంచి దూరంగా విసిరేస్తుంది, ఆ గొట్టాన్ని చ్యూట్ అంటారు. లాగడం ఒక దశ, విసరడం రెండో దశ. ఒకే దశ ఉన్న చిన్న మిషన్లలో ఈ ఫ్యాన్ ఉండదు, ఆగర్ అంచుకున్న రబ్బరే మంచుని విసిరేస్తుంది, అలాంటివాటికి ఈ కిట్ అవసరమే లేదు.

పొడి మంచుతో ఏ మిషన్‌కీ పెద్ద ఇబ్బంది ఉండదు. జనవరి చలిలో పడే మంచు ఘనపు మీటరుకి వంద కిలోలు కూడా తూగదు, గాలికే ఎగిరిపోతుంది. కష్టమంతా నవంబరులోనో మార్చిలోనో, సున్నా డిగ్రీల దగ్గర పడే మంచుతో. అది నీళ్ళు పట్టి మూడు నాలుగు వందల కిలోల దాకా బరువెక్కుతుంది. దానికితోడు ఊరివాళ్ళ ప్లౌ బండి (ముందున్న రేకుతో మంచుని పక్కకి తోసేది) రోడ్డు శుభ్రం చేసుకుంటూ పోతూ ప్రతి ఇంటి దారి మొదట్లో ఒక గట్టు వేసి వెళ్తుంది. అందులో ఉప్పు, బురద, గడ్డకట్టిన పెళ్ళలు అన్నీ కలిసి ఉంటాయి, కారు బయటికి రావాలంటే ఆ గట్టు తీయక తప్పదు. మినియాపోలిస్‌లో ఏడాదికి సగటున 50 అంగుళాలకు పైగా మంచు పడుతుంది, అంటే ఈ గట్టు పని ఏదో ఒకసారి చేసి వదిలేసేది కాదు. బావగారి మిషన్ అక్కడికొచ్చి ఆగిపోయేది. చ్యూట్ బిగుసుకుపోవడం, ఇంజిన్ ఆపడం, కర్రతో పొడవడం, మళ్ళీ స్టార్ట్ చేయడం, నాలుగడుగులు వేయడం, మళ్ళీ బిగుసుకుపోవడం. "ఆయన మంచు తీసేదానికంటే కర్రతో పొడిచేదే ఎక్కువరా" అని అక్క ఫోన్‌లో చెప్తుండేది. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి ఆ చలిలో అలా వంగి నిలబడటం నాకు నిజంగా బాధనిపించేది.

కారణం చాలా చిన్నది. ఇంపెల్లర్ రెక్క చివరకీ డ్రమ్ము గోడకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఫ్యాక్టరీలో డ్రమ్ముని రేకు వంచి వెల్డింగ్ చేస్తారు కాబట్టి అది పూర్తి గుండ్రంగా రాదు, రెక్క గోడకి తగలకూడదని కావాలనే పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా వదిలేస్తారు. పొడి మంచు తేలిక కాబట్టి రెక్కతో పాటే వెళ్ళిపోతుంది. నీళ్ళు పట్టిన మంచు మాత్రం ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది, ఫ్యాన్ ఎంత తిరిగినా చిల్లుల గరిటెతో సాంబారు తోడినట్టే. జారిపోయిన మంచు డ్రమ్ములోనే తిరుగుతూ ఉంటుంది, చ్యూట్‌లోకి వెళ్ళిందేమో బలం లేక గొట్టం గోడకి అంటుకుని గడ్డకడుతుంది, దాని మీద ఇంకొంచెం, అంతే, బిగుసుకుపోతుంది. నేను చాలా ఏళ్ళుగా పీణ్యాలో పంపుల పనిలో ఉన్నాను. సెంట్రిఫ్యూగల్ పంపులో ఇంపెల్లర్ చుట్టూ సందు తగ్గించే వేర్ రింగ్ అరిగి సందు పెరిగితే మోటారు అంతే తిరుగుతున్నా నీళ్ళు తగ్గిపోతాయి, రింగ్ మారిస్తే మళ్ళీ వస్తాయి, మోటారు మార్చమని మా దగ్గర ఎవరూ చెప్పరు. బావగారు రెక్కల ఫోటో పంపగానే నాకు అదే కనిపించింది.

ఈ సందు మూయడానికి అమెరికాలో రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి, చాలాకాలంగా అక్కడ ఇళ్ళలో చేసుకునే మార్పు ఇది. ప్రతి రెక్కకీ ఒక రబ్బరు ముక్క, దాన్ని అదిమిపట్టే ఇనుప పట్టీ, బోల్టులు. రబ్బరు చివర డ్రమ్ము గోడకి తగిలీ తగలనట్టు బిగిస్తారు. బావగారు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించుకుని పక్కింటాయన సాయంతో వేసుకున్నారు. మొదట బాగానే ఉంది. ఆ సీజన్ గడవకముందే రబ్బరు బోల్టు చిల్లు దగ్గర చిరిగి రెండు ముక్కలు మంచుతో పాటు ఎగిరిపోయాయి. మిగిలిన ముక్క ఫోటో చూస్తే అందులో గుడ్డ పొర లేనే లేదు, వట్టి రబ్బరు. అన్ని కిట్లూ అంతేనని నేను అనను, గుడ్డ పొర ఉన్న మంచివీ ఉన్నాయి, కానీ కొనేముందు ఆ ఒక్క సంగతి అడిగి కొనండి. బోల్టు చిల్లు దగ్గర రబ్బరుని పట్టి ఉంచేది ఆ గుడ్డే.

ఆ ఏడాది చలికాలం మేం వాళ్ళింటికి వెళ్ళే ప్లాన్ ఉంది కాబట్టి, నేనే ఇక్కడ చేయించి తెస్తానని చెప్పాను.

కావాల్సింది కన్వేయర్ బెల్టు రబ్బరు. గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో రాయీ రప్పా మోసే బెల్టు అది, లోపల నైలాన్ గుడ్డ పొరలు, పైనా కిందా రబ్బరు కవరు. ఎస్పీ రోడ్డులో, దాని చుట్టుపక్కల సందుల్లో రబ్బరు షీట్లు, హోస్ పైపులు, బెల్టులు అమ్మే షాపుల్లో అడిగితే కొత్త బెల్టులోంచి మిగిలిన తుంటలు దొరుకుతాయి. నేను వెళ్ళిన షాపాయన హిందూపురం వైపు మనిషి, నేను కన్నడలో మొదలుపెడితే ఆయన తెలుగులోకి వచ్చేశాడు. "ఎంత లోడన్నా, ఏం మోస్తుంది?" అని అడిగాడు. మంచు అని చెప్తే ఒక్క క్షణం ఆగి, "అయితే తడి ఉంటుంది కదన్నా, నైట్రైల్ తీసుకోండి, ఆయిల్‌కి కూడా ఏం కాదు" అని నల్లటి నున్నటి షీటు తీశాడు. మంచి మనసుతోనే చెప్పాడు, ధర కూడా దానికే ఎక్కువ, కానీ మన పనికి అది పనికిరాదు. మామూలు నైట్రైల్, అంటే ఆయిల్‌ని తట్టుకునే కృత్రిమ రబ్బరు, మైనస్ 20, 30 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బిరుసెక్కిపోతుంది, మినియాపోలిస్ ఉన్న మినసోటాలో జనవరి రాత్రులు అలాగే ఉంటాయి. ఫుడ్ ఫ్యాక్టరీల్లో వాడే తెల్ల పీవీసీ బెల్టు ఇంకా ముందే గట్టిపడి విరుగుతుంది. సహజ రబ్బరు మాత్రం మైనస్ 40లో కూడా వంగుతుంది. ఆ మాట చెప్తే ఆయన లోపలికి వెళ్ళి ఎం24 గ్రేడు బెల్టు తుంట తెచ్చాడు. మన ఐఎస్ 1891 ప్రమాణంలో రబ్బరు కవరు బలాన్ని బట్టి పెట్టిన గ్రేడు అది, రాళ్ళు మోసే బెల్టులకి వాడేది. మూడు గుడ్డ పొరలు, మొత్తం మందం 8 మిల్లీమీటర్లు. అంతకంటే మందమైతే వంగదు, డ్రమ్ములో వెల్డింగ్ గడ్డ తగిలినప్పుడు వంగి దాటిపోవాలి కదా. మరీ పలచనైతే మంచు బరువుకి వెనక్కి మడిచిపోతుంది.

కొన్నాక ఇంట్లో ఒక పరీక్ష చేశాను, మీరూ చేయండి. వేలెడు ముక్క కోసి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి పొద్దున్నే తీసి వెంటనే రెండు చేతులతో మడిచి చూడాలి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దాకానే వెళ్తుంది కాబట్టి అన్నీ తేలవు, కానీ పీవీసీ అయినా నాసిరకం రీక్లెయిమ్ రబ్బరు (పాత రబ్బరుని మళ్ళీ వాడి చేసేది) అయినా అక్కడే దొరికిపోతాయి, పగుళ్ళు వచ్చేస్తాయి. మాది బయట ఉన్నప్పటిలాగే మడిచి వదిలితే లేచింది. నైట్రైల్ సంగతి ఈ పరీక్షలో తేలదు, అది కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

కొలతలు బావగారు పంపారు. దీనికి ఒక సులువైన పద్ధతి ఉంది: ఇంజిన్ పొరపాటున స్టార్ట్ కాకుండా స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, ఇంపెల్లర్‌ని చెక్క ముక్కతో తిప్పుతూ, ఒక్కో రెక్క చివర డ్రిల్ బిట్టు దూర్చి చూడాలి. ఏ సైజు బిట్టు వెళ్తుందో, ఏది వెళ్ళదో చూస్తే సందు ఎంతో తెలిసిపోతుంది, వేరే గేజీలు అక్కర్లేదు. ఒక్కో రెక్కని డ్రమ్ములో నాలుగు చోట్ల చూడమన్నాను. ఒకచోట 6 మిల్లీమీటర్లుంటే ఇంకోచోట 11 ఉంది, అంటే డ్రమ్ము ఎంత వంకరగా ఉందో చూడండి. ఇలాంటప్పుడు ముక్కలు ఒకే కొలతకి కోసేసుకుంటే లాభం లేదు, పట్టీలో గుండ్రటి చిల్లు బదులు నిలువు గాడి పెట్టించి, బిగించేటప్పుడు ముందుకూ వెనక్కూ జరుపుకునేలా చేసుకోవాలి.

పీణ్యాలో కోయించడం గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే ఈ రివ్యూలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అంత చిన్న జాబ్ అంటే చాలామంది తీసుకోరు, వాళ్ళ మిషన్ టైము వాళ్ళకి ముఖ్యం, తప్పు పట్టడానికి లేదు. నేను వెళ్ళిన వాటర్‌జెట్ షాపులో (సన్నటి నీటి ధారతో కోసేది) కుర్రాడు మాత్రం డీఎక్స్‌ఎఫ్ ఫైలు, అంటే కోత డ్రాయింగు, చూసి, "సార్, వేరేవాళ్ళ షీటు ఒకటి సాయంత్రం ఎక్కుతుంది, దాని తర్వాత మీది వేసేస్తా" అన్నాడు. రబ్బరుకి లేజర్ వద్దని ఆ కుర్రాడే చెప్పాడు, నాకూ తెలుసు, అంచు కాలి పొడిపొడిగా రాలుతుంది, వాసన కూడా భరించలేం. వాటర్‌జెట్ అంచు చాకుతో కోసిన వెన్నలా నున్నగా వచ్చింది అని రాయాలనిపిస్తుంది గానీ నిజంగా చెప్పాలంటే గుడ్డ పొరల దగ్గర కొద్దిగా పోగులు లేచాయి, అక్కడ పంక్చర్ షాపులో వాడే రబ్బరు సొల్యూషన్ రాసి మూసేశాను, లేకపోతే పోగుల్లోకి నీళ్ళు ఎక్కి గడ్డకడతాయి. స్టీలు పట్టీలు 3 మిల్లీమీటర్ల 304 స్టెయిన్‌లెస్, పక్క షెడ్డులో లేజర్ కటింగ్. అంచులు గ్రైండ్ చేసి మూలలు గుండ్రం చేసి ఇచ్చారు, నేను అడగలేదు, అయినా చేశారు. పదునైన మూల రబ్బరుని కోసేస్తుందని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు పట్టీలనీ తక్కెడలో వేసి చూశాం, బరువుల్లో తేడా లేదు. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే దానికి ఎదురెదురు రెక్కల బరువు సమానంగా ఉండటం ముఖ్యం, లేకపోతే బేరింగు పోతుంది.

బోల్టులు కొనేటప్పుడు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇక్కడ దొరికేవి ఎం8, అంటే 8 మిల్లీమీటర్లవి, అక్కడి డ్రిల్ బిట్లు అంగుళాల లెక్కవి. అక్కడి ఐదు బై పదహారు అంగుళాల బిట్టుతో చిల్లు వేస్తే అది 8 మిల్లీమీటర్ల కంటే వెంట్రుకవాసి తక్కువ, బోల్టు దిగదు. అందుకే 8.5 మిల్లీమీటర్ల కోబాల్ట్ బిట్టు ఇక్కడే కొని పెట్టెలో పెట్టుకెళ్ళాను. స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) తీసుకోండి, రోడ్డు ఉప్పుకి మామూలు బోల్టు ఒక్క సీజన్లో తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ బిగిస్తే మరలు ఒకదాన్నొకటి పట్టేసే గుణం ఉంది, కాబట్టి ఒక చుక్క గ్రీజు రాసి నెమ్మదిగా బిగించాలి. ఇవన్నీ చెక్ఇన్ పెట్టెలోనే పెట్టుకోండి. రబ్బరు, పట్టీలు, కోత కూలి, బోల్టులు, బిట్టు అన్నీ కలిపి నాకు రెండు వేల రూపాయల లోపే అయింది.

బిగించడం గ్యారేజీలో ఒక మధ్యాహ్నం పని. ప్లగ్ వైరు పీకేయడం మొట్టమొదట. తర్వాత చ్యూట్ విప్పితే డ్రమ్ము పైన నోరు తెరుచుకుంటుంది, ఒక్కో రెక్కనీ ఆ నోటి దగ్గరికి తిప్పుకుని, సెంటర్ పంచ్ కొట్టి, ముందు సన్న బిట్టుతో, తర్వాత పెద్ద బిట్టుతో చిల్లు వేయాలి. రబ్బరు రెక్కకి ముందువైపు, అంటే మంచుని తోసే వైపు ఉండాలి, దాని మీద పట్టీ. అప్పుడు బరువు పడ్డా వెనక రెక్క ఆసరాగా ఉంటుంది. డ్రమ్ములో సందు అన్నిటికంటే తక్కువ ఉన్న చోట రబ్బరు కొద్దిగా రాసుకునేలా పెట్టి బిగించాం. చ్యూట్ నోటి అంచు దగ్గర రబ్బరు తట్టుకోకుండా చేత్తో చాలాసార్లు తిప్పి చూడాలి, తట్టుకుంటే మూల కొంచెం ఏటవాలుగా కోయాలి. చాకుకి సబ్బు నీళ్ళు రాస్తే రబ్బరు సులువుగా తెగుతుంది. మా బావగారు లైటు పట్టుకుని నిలబడి, "ఇంత పనికి బెంగళూరు నుంచి సామాను మోసుకొచ్చావా" అని మురిసిపోతూనే ఉన్నారు.

మొదటిసారి తలుపులు తెరిచి బయట పెట్టి తిప్పాం. కాసేపు కీచుమని శబ్దం, కొంచెం నల్లపొడి. డ్రమ్ము ఎత్తుపల్లాలకి తగ్గట్టు రబ్బరు తనంతట తానే అరిగి సర్దుకుంటుంది, ఆ తర్వాత శబ్దం పోయింది.

ఇక అసలు సంగతి. పొడి మంచులో విసిరే దూరం పెరిగింది గానీ ఆహా అనేంత కాదు, ఎందుకంటే రెక్క చివర వేగం మారలేదు కదా, ఇంజిన్ అదే, పుల్లీలు అవే. తేడా తడి మంచులో. మేం ఉండగానే ఒకరోజు వాన, మంచు కలిసి పడింది, ప్లౌ బండి వేసిన గట్టు మోకాళ్ళ దాకా ఉంది, బూడిదరంగు ముద్ద. బావగారు మొదటి గేరులో నెమ్మదిగా తోసుకుంటూ వెళ్ళారు, ఆ ముద్ద చ్యూట్‌లోంచి నీళ్ళ గొట్టంలోంచి వచ్చినట్టు ఆగకుండా వచ్చి అవతల లాన్ మీద పడింది. దారి మొత్తం అయిపోయేదాకా ఒక్కసారి కూడా కర్ర తీయలేదు. ఆయన మొహం చూసి అక్క తలుపు దగ్గరి నుంచే నవ్వింది. ఆ తర్వాత చలికాలాల్లో కూడా అవే రబ్బర్లు నడుస్తున్నాయి, చివర్లు అరిగాయి, గాడిలో కొంచెం ముందుకు జరిపి మళ్ళీ బిగించుకున్నారు. చిల్లుల దగ్గర చిరుగు లేదు.

లోపాలు లేవని చెప్పను. సందులోంచి జారిపోయే మంచు కూడా ఇప్పుడు బయటికి వెళ్తుంది కాబట్టి ఇంజిన్ మీద బరువు పెరుగుతుంది, చిన్న ఇంజిన్ ఉన్న మిషన్ అయితే గొంతు మారిపోవడం వినిపిస్తుంది, అప్పుడు గేరు తగ్గించి నెమ్మదిగా నడవాలి. ఇంజిన్ నుంచి ఆగర్‌ని, ఇంపెల్లర్‌ని తిప్పే బెల్టు అరిగిపోయి ఉంటే ముందు దాన్ని మార్చాలి, జారే బెల్టుతో ఈ కిట్ వేసి లాభం లేదు. ఇంకొకటి ముఖ్యమైనది: రబ్బరు గోడకి ఆనుకుని ఉంటుంది కాబట్టి తడి మిషన్‌ని అలాగే వదిలేస్తే రాత్రికి రబ్బరు డ్రమ్ముకి గడ్డకట్టి అంటుకుపోతుంది. పొద్దున్నే అది చూడకుండా లివరు నొక్కితే బెల్టు కాలుతుంది. పని అయ్యాక మంచు లేనిచోట కాసేపు ఖాళీగా తిప్పి లోపలి తడి విదిలించేయాలి, మర్నాడు స్టార్ట్ చేసేముందు ప్లగ్ వైరు తీసి కర్రతో ఒకసారి తిప్పి చూసుకోవాలి. ఈ పని గుర్తుపెట్టుకోలేని వాళ్ళకి, మిషన్ ఆరుబయట పెట్టేవాళ్ళకి నేను ఈ మార్పు సిఫారసు చేయను. ఈ రెండు లోపాల వల్లే ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా.

దీంతోపాటు చేసిన చిన్న పనులు రెండున్నాయి. చ్యూట్ లోపల శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొట్టాం, కొద్ది సేపే నిలుస్తుంది, ప్రతి పెద్ద మంచుకి ముందు కొట్టుకోవాలి, అయినా చేయదగ్గదే. ఇక హెడ్‌లైటు. ఆ మిషన్లో ఇంజిన్ కాయిల్ నుంచి వచ్చేది ఏసీ కరెంటు, దానికి నేరుగా కారు ఎల్‌ఈడీ పెడితే మిణుకుమిణుకుమంటుంది, తొందరగా పోతుంది కూడా. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఏసీని డీసీగా మార్చే ఒక బ్రిడ్జ్ రెక్టిఫైయర్, ఒక కెపాసిటర్ కొని డబ్బాలో పెట్టి మధ్యలో కలిపితే వెలుగు నిలకడగా వస్తుంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి, మంచు తీసే పని చాలాసార్లు చీకట్లోనే, అందుకని ఇది విలాసం కాదు.

చేయకూడని పనులు కూడా చెప్పాలి, ఎందుకంటే వీడియోలు చూసి చాలామంది ముందు వాటికే దిగుతున్నారు. ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే గవర్నర్ స్ప్రింగు లాగి ఆ వేగం పెంచకండి. ఈ చిన్న ఇంజిన్లని నిమిషానికి సుమారు 3600 చుట్ల పరిమితిలో నడిచేలా చేస్తారు, దాన్ని దాటిస్తే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజిన్ గోడలోంచి బయటికి వచ్చే ప్రమాదం ఉంది, పక్కన నిలబడేది మీరే. ఆగర్ షాఫ్టుకి ఉండే షియర్ పిన్ను మాటిమాటికీ విరుగుతోందని దాని చోట గట్టి బోల్టు వేయకండి. ఆ పిన్ను విరగడానికే పెట్టింది, రాయో న్యూస్‌పేపర్ కట్టో ఇరుక్కుంటే అది విరిగి గేరుబాక్సుని కాపాడుతుంది. గట్టి బోల్టు వేస్తే విరిగేది లోపలి కంచు గేరు, దాని ధర ముందు పిన్ను ధర ఏ మూలకి? చేయి వదిలితే ఆగిపోయే లివర్లని తాడుతో కట్టేయడం ఇంకా ఘోరం.

అన్నిటికంటే ముఖ్యం, చ్యూట్ బిగుసుకుపోతే చేయి పెట్టకండి. అమెరికాలో ఏటా వేలమంది స్నోబ్లోవర్ గాయాలతో ఆసుపత్రికి వెళ్తున్నారు, అందులో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. ఇంజిన్ ఆపాం కదా అనుకుంటారు, కానీ గడ్డ పట్టేసినప్పుడు బెల్టులో, షాఫ్టులో బిగువు మిగిలి ఉంటుంది, గడ్డ కదలగానే రెక్క ఒక్కసారి విసురుగా తిరుగుతుంది. మిషన్‌తో పాటు వచ్చే కర్రనే వాడాలి. నాకు ఈ కిట్ మీద ఇంత ఇష్టం ఉండటానికి సగం కారణం ఇదే, చ్యూట్ బిగుసుకోకపోతే అక్కడికి చేయి పోయే అవసరమే రాదు. మీవాళ్ళు అక్కడ ఉంటే, కిట్ వేసుకున్నా లేకపోయినా, ఈ ఒక్క మాట ఫోన్ చేసి చెప్పండి.

ఇక్కడ చేయించాలనుకునేవాళ్ళకి: రెక్కల సంఖ్య, ఒక్కో రెక్క లోతు, నాలుగు చోట్లా సందు, రెక్క రేకు మందం, ఈ నాలుగూ మీవాళ్ళ దగ్గర ఫోటోలతో సహా తెప్పించుకుని కదలండి. ఎస్పీ రోడ్డుకి కారులో వెళ్ళకండి, పార్కింగ్ దొరకదు. గ్రీన్ లైన్ మెట్రోలో చిక్‌పేట దిగి నడవండి, రబ్బరు కొన్నాక అదే లైన్లో పీణ్యాకి వెళ్ళిపోవచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, మామూలు రోజు పొద్దున్నే వెళ్తే షాపాయనకి తీరిక ఉంటుంది, తుంటలన్నీ తీసి చూపిస్తాడు. బెల్టు గ్రేడు ముద్ర కనిపించే ముక్క అడగండి, లేనిది తీసుకోకండి.